సాఫ్ట్ బీట్ అంటున్నారు, వెళ్లనా అక్కా?

ప్రశ్న: నమస్తే అక్కా. నేనొక దినపత్రికలో ఐదేళ్లుగా పనిచేస్తున్నాను. రెండేళ్లు డెస్క్‌లో, మూడేళ్లు రిపోర్టింగ్‌లో. ఈమధ్య మా ఎడిటర్ పిలిచి, జెండర్, కల్చర్ బీట్ (ఆ రంగాల వార్తలు చూసే పని) కొత్తగా పెడుతున్నాం, నువ్వు చూసుకుంటావా అని అడిగారు. నాకు ఇష్టమే. కానీ మా బ్యూరోలో సీనియర్ ఒకాయన "అది సాఫ్ట్ బీట్, ఒకసారి అటు వెళ్తే మళ్లీ రాజకీయాలూ కోర్టులూ నీ చేతికి రావు" అంటున్నారు. ఇంట్లో వాళ్లకేమో ఆన్‌లైన్‌లో వచ్చే తిట్ల గురించి భయం. ఆడవాళ్ల సమస్యలు రాస్తూ రాస్తూ నేను విలేకరిగా మిగులుతానా, కార్యకర్తనైపోతానా అన్నది నా భయం. ఇంకో సంగతి. రెండు వారాల కిందట ఒకావిడ ఆఫీసుకి ఫోన్ చేసి, నన్నే అడిగి మాట్లాడారు. పనిచేసే చోట వేధింపుల మీద ఫిర్యాదు ఇస్తే నెలల తరబడి ఉలుకూ పలుకూ లేదట. "మళ్లీ చేస్తాను" అని నంబరు తీసుకున్నాను. ఏ బీట్‌లో ఉంటానో తేలక ఇంకా చెయ్యలేదు. నన్నేం చెయ్యమంటారు?
– ఒక పాఠకురాలు

జవాబు: అక్కా అన్నావు కాబట్టి నువ్వు అనే రాస్తాను. ఆ బీట్ తీసుకో. కాకపోతే ఎడిటర్ ఇచ్చినట్టుగా కాదు, నువ్వు అడిగి తీసుకున్నట్టుగా తీసుకో. ఈ రెండింటికీ తేడా ఏమిటో చెప్పడానికే ఈ ఉత్తరం కాస్త పెద్దదవుతుంది.

మీ సీనియర్ అబద్ధం చెప్పలేదు, సగం చెప్పారు. ఆడవాళ్ల సంగతులు ఒక పక్కన పెట్టడం, వాటిని రాసేవాళ్లనీ ఆ పక్కనే ఉంచెయ్యడం పత్రికల్లో చాలా పాత అలవాటు. 1970 మార్చిలో అమెరికాలో న్యూస్‌వీక్ పత్రిక స్త్రీల ఉద్యమం మీద ముఖచిత్ర కథనం వేసింది. ఆ ఆఫీసులో బాగా చదువుకున్న ఆడవాళ్లు ఎందరో ఉన్నారు. కానీ వివరాలు సేకరించడం, సరిచూడటం వాళ్ల పని. రాయడం దాదాపుగా మగవాళ్ల పని. చివరికి స్త్రీల ఉద్యమం మీద రాయాల్సి వచ్చినప్పుడు కూడా తమ దగ్గరున్న అమ్మాయిల్లో ఎవరికీ ఆ పని అప్పగించకుండా, బయటి నుంచి హెలెన్ డ్యూడార్ అనే రచయిత్రిని పిలిపించారు. ఆ సంచిక బయటికొచ్చిన రోజే, మార్చి 16న, 46 మంది మహిళా ఉద్యోగులు విలేకరుల సమావేశం పెట్టి, తమ యాజమాన్యం మీద వివక్ష కేసు వేస్తున్నామని ప్రకటించారు. వాళ్ల తరఫు లాయరు ఎలినార్ హోమ్స్ నార్టన్. ఆ 46 మందిలో ఒకరైన లిన్ పోవిచ్ 1975లో ఆ పత్రికకి తొలి మహిళా సీనియర్ ఎడిటర్ అయ్యారు. నేను ఈ కథని పదే పదే తలుచుకుంటాను. వార్త పక్క బల్ల దగ్గరే కూర్చుని ఉంది, ఆ గదిలో అధికారం ఉన్నవాళ్లకి అది కనిపించలేదు.

మీ సీనియర్ వదిలేసిన సగం ఇది. అదే కాలంలో కొన్ని పత్రికల మహిళా పేజీల్లో గట్టి పని జరుగుతోంది. మయామీ హెరాల్డ్‌లో డొరోతీ జర్నీ, ఆమె తర్వాత మేరీ ఆండర్సన్ మహిళా విభాగాన్ని నడుపుతూ, పెళ్లి వార్తలకీ ఫ్యాషన్ ఫొటోలకీ మాత్రమే అనుకున్న చోట సమాజపు సమస్యలకి జాగా చేశారు. మెయిన్ పేజీ ముట్టుకోని విషయాలు వాళ్ల పేజీలో వచ్చేవి. పేజీ పేరేదైనా, లోపల ఏముందో చూడాలి. సాఫ్ట్ అనేది ఆ విషయాల గుణం కాదు, చాలాకాలంగా మనం వాటిని రాస్తూ వచ్చిన పద్ధతి. ఒక స్త్రీ కన్నీళ్లు, ఒక నిపుణురాలి రెండు మాటలు, చివర ఒక హెల్ప్‌లైన్ నంబరు. ఇలా రాస్తే ఏ బీటైనా సాఫ్టే. అదే స్త్రీ ఇచ్చిన ఫిర్యాదు ఏ తేదీన ఎవరి బల్ల మీదికి వెళ్లింది, వాళ్లు ఎన్ని రోజుల్లో జవాబివ్వాలని రూల్ ఉంది, ఇవ్వకపోతే ఎవరిది బాధ్యత అని కాగితాలతో రాశావనుకో, అది రాజకీయ వార్త, కోర్టు వార్త, డబ్బు వార్త, అన్నీ అవుతుంది.

కాగితం అన్నాను కదా, అక్కడే కాస్త ఆగుతాను. ఈ బీట్‌లో నాకు గురువెవరని అడిగితే అమెరికా నల్లజాతి పాత్రికేయురాలు ఐడా బి. వెల్స్ పేరు చెబుతాను. 1892లో మెంఫిస్‌లో ఆమె స్నేహితుడు థామస్ మాస్‌ని, మరో ఇద్దరినీ తెల్లవాళ్ల గుంపు చంపేసింది. నల్లవాళ్ల మీద ఇలాంటి మూక హత్యలకి ఆ రోజుల్లో చెప్పే సాకు ఒకటే: తెల్ల స్త్రీల మానరక్షణ. ఊరంతా ఒప్పుకున్న కథ అది. వెల్స్ ఒక్కో హత్య వెనక అసలు ఆరోపణ ఏమిటో వెతికారు. తేలిందేమిటంటే, ఆ హత్యల్లో మూడో వంతు కేసుల్లోనే అత్యాచారం అనే ఆరోపణ కూడా ఉంది. మిగతావి అప్పులు, తగాదాలు, ఎదురు మాట్లాడటం లాంటివి. లెక్కల్లో పక్షపాతం ఉందని ఎవరూ అనకుండా ఆమె తెల్లవాళ్ల పత్రికైన చికాగో ట్రిబ్యూన్ ప్రచురించిన లెక్కలనే వాడారు. ఆమె పత్రికాఫీసుని ధ్వంసం చేశారు, తిరిగొస్తే చంపుతామన్నారు. అయినా ఆమె రాయడం ఆపలేదు. స్త్రీ గౌరవం అనే ఒక నమ్మకాన్ని హింస కోసం ఎలా వాడుకుంటారో లెక్కలతో చూపించిన పని అది. జెండర్, కల్చర్ అనే మాటలు మన పత్రికాఫీసుల్లోకి రాక చాలా ముందే ఆమె ఈ బీట్ చేశారు. 1931లో ఆమె చనిపోతే న్యూయార్క్ టైమ్స్ ఒక సంతాప వార్త కూడా వెయ్యలేదు.

ఇంకా దగ్గరి కాలపు ఉదాహరణ ఇండియానాపోలిస్ స్టార్. అదొక అమెరికా స్థానిక దినపత్రిక. 2016లో మరీసా క్వియాట్‌కౌస్కీ అనే రిపోర్టరు పిల్లల మీద జరిగే లైంగిక నేరాలని స్కూళ్లు పోలీసులకి చెప్పకపోవడం మీద పనిచేస్తుంటే, జిమ్నాస్టిక్స్ సంఘంలోనూ చూడమని ఒకరు చెప్పారు. జార్జియా రాష్ట్రంలో ఒక కోర్టు కేసు ఉందని తెలిసి, అదే రోజు విమానం ఎక్కి వెళ్లి ఆ కాగితాలు తెచ్చుకున్నారు. ఆమె, ఇద్దరు సహచరులు కలిసి ఆగస్టు 4న వేసిన మొదటి కథనంలో, తర్వాత అసలు నేరస్థుడిగా బయటపడిన జట్టు డాక్టరు లారీ నాసర్ పేరు లేనే లేదు. ఆ కథనం ఒక రూల్ గురించి: బాధితురాలో, తల్లిదండ్రులో సంతకం పెట్టి ఇస్తే తప్ప ఫిర్యాదుని గాలి కబురుగా కొట్టిపారెయ్యడం అమెరికా జిమ్నాస్టిక్స్ సంఘం పద్ధతి. అలా 50 మందికి పైగా కోచ్‌ల మీద వచ్చిన ఫిర్యాదులు ఫైళ్లలో పడి ఉన్నాయి. ఆ కథనం చదివి రేచెల్ డెన్‌హాలండర్ అనే ఆవిడ అదే రోజు పత్రికకి ఉత్తరం రాశారు: నన్ను వేధించింది కోచ్ కాదు, జట్టు డాక్టరు, నా పేరుతోనే మాట్లాడతాను అని. సెప్టెంబరు 12న నాసర్ పేరు బయటికొచ్చింది. 2018 జనవరిలో శిక్ష వేసే ముందు 150 మందికి పైగా స్త్రీల వాంగ్మూలాలు కోర్టులో వినిపించాయి. శిక్ష 40 నుంచి 175 ఏళ్లు.

ఇందులో నువ్వు పట్టుకోవాల్సింది ఆ శిక్ష కాదు, మొదటి కథనం. వాళ్లు బాధితురాలి కోసం వేట మొదలుపెట్టలేదు. సంస్థ రూల్‌ని పట్టుకున్నారు, కాగితం వెంట వెళ్లారు. వీళ్లు పనిచేసే పద్ధతి చూసి బాధితురాలే వీళ్లని నమ్మి ముందుకొచ్చింది. మన పనిలో నమ్మకం దొరికే దారి ఇదే.

ఇక కల్చర్. చాలామంది ఈ సగాన్ని తేలిగ్గా తీసుకుని సినిమా సమీక్షలు, ఇంటర్వ్యూలతో సరిపెడతారు. ఒక సమాజంలో ఎవరి మాటకి విలువుందో, ఎవరిది గుర్తుంచుకుంటారో తేల్చేది ఈ సగమే. వెల్స్‌కి సంతాప వార్త దక్కలేదన్నాను కదా. 2018 మార్చి 8న న్యూయార్క్ టైమ్స్ "ఓవర్‌లుక్డ్" అనే శీర్షిక మొదలుపెట్టింది. 1851 నుంచి తమ పత్రికలో వచ్చిన సంతాప వార్తల్లో అత్యధికం తెల్ల మగవాళ్లవేనని ఒప్పుకుని, వదిలేసిన వాళ్ల గురించి ఇప్పుడు రాస్తామన్నారు. ఆలోచన సంతాప వార్తల విభాగంలోని అమీషా పద్నానీది. మొదటి రోజు వేసిన వాటిలో వెల్స్ గురించీ ఉంది, 87 ఏళ్ల ఆలస్యంగా. ఇది కల్చర్ వార్తా, జెండర్ వార్తా, పత్రిక తన మీద తను రాసుకున్న వార్తా? నువ్వు చెయ్యబోయే మంచి కథనాలన్నీ ఇలా ఏ ఒక్క గంపలోనూ ఇమడని వాటిల్లోంచే వస్తాయి.

అందుకే కల్చర్‌లో కూడా లెక్కపెట్టు. అవార్డు కమిటీలో ఎవరున్నారు, పాఠ్యపుస్తకంలో ఎవరి బొమ్మ ఏ పని చేస్తూ కనిపిస్తోంది, పాట రాసినవాళ్లకీ పాడినవాళ్లకీ ఒప్పందంలో ఏం రాశారు, చర్చా వేదిక మీద ఎవరు కూర్చున్నారు. 1995 నుంచి ఐదేళ్లకోసారి ప్రపంచవ్యాప్తంగా ఒకే రోజు వార్తలని లెక్కపెట్టే గ్లోబల్ మీడియా మానిటరింగ్ ప్రాజెక్ట్ ఉంది. వార్తల్లో కనిపించేవాళ్లు, వినిపించేవాళ్లలో స్త్రీలు 1995లో 17 శాతం, 2020లో 25 శాతం. పాతికేళ్లలో ఎనిమిది శాతం పాయింట్లు కదిలింది. బీబీసీలో రాస్ అట్కిన్స్ తన ఒక్క కార్యక్రమం కోసం మొదలుపెట్టిన 50:50 పద్ధతిలో ఒక తెలివైన నియమం ఉంది: తప్పనిసరిగా చూపించాల్సిన వాళ్లని, అంటే ఆ రోజు వార్తకి కారకులైన మంత్రి లాంటివాళ్లని, లెక్కలోకి తీసుకోరు, మనం ఎంచుకుని పిలిచినవాళ్లనే లెక్కిస్తారు. మన చేతిలో ఉన్నదానికే మనం జవాబుదారీ. నువ్వు కూడా ముందు నీ పాత స్టోరీలు ఒక ముప్ఫై తీసి, అందులో ఎవరి మాటలు ఉటంకించావో లెక్కపెట్టు. నేనీ పని మొదటిసారి చేసిన రోజు రాత్రి నిద్రపట్టలేదు.

కార్యకర్తనైపోతానా అన్నావు. ఆ భయం ఉండటం మంచిదే, దాన్ని పోగొట్టుకోకు. అన్యాయం తప్పు అనుకున్నంత మాత్రాన నువ్వు కార్యకర్తవైపోవు. రోడ్డు ప్రమాదాలు తగ్గాలనుకునే విలేకరిని ఎవరూ కార్యకర్త అనరు. విలేకరి దారి తప్పేది సరిచూసుకోవడం మానేసిన రోజు. 2014 నవంబరులో రోలింగ్ స్టోన్ పత్రిక ఒక విశ్వవిద్యాలయంలో సామూహిక అత్యాచారం జరిగిందని ఒక అమ్మాయి చెప్పిన కథనాన్ని వేసింది. ఆ రాత్రి ఆమెని కలిశారన్న ముగ్గురు స్నేహితులతో మాట్లాడలేదు. నిందితుడని చెప్పిన వ్యక్తి ఎవరో కనుక్కోలేదు. ఆమెని మళ్లీ బాధపెట్టకూడదనే ఉద్దేశంతో ఆమె షరతులకి తలూపారు. కథనం నిలబడలేదు. కొలంబియా జర్నలిజం స్కూలు విచారణ నివేదిక వచ్చాక, 2015 ఏప్రిల్‌లో వెనక్కి తీసుకున్నారు. దాని దెబ్బ ఆ పత్రిక మీద మాత్రమే పడలేదు. ఆ తర్వాత నిజం చెప్పడానికి వచ్చిన ప్రతి అమ్మాయి ముందూ ఆ కథనాన్ని అడ్డం పెట్టారు.

కాబట్టి జాలిపడి సరిచూడకుండా వదిలెయ్యడం ఆమెకి మేలు కాదు. ఆమె మాటకి బలం చేకూర్చేది ఆ రోజు ఆమె ఎవరికి చెప్పుకుంది, ఏ మెసేజ్ పంపింది, ఏ సెలవు చీటీ పెట్టింది అన్న వివరాలు. "మిమ్మల్ని అనుమానించి కాదు, రేపు ఎవరూ మిమ్మల్ని అనుమానించకుండా ఉండటానికి అడుగుతున్నాను" అని నేను మొదటే చెబుతాను. ఆరోపణ ఎదుర్కొంటున్న వ్యక్తికి ప్రతి ఆరోపణా చెప్పి, జవాబివ్వడానికి తగినంత సమయం ఇవ్వాలి. ప్రచురణకి గంట ముందు ఒక ఫోన్ కొట్టి "అందుబాటులోకి రాలేదు" అని రాయడం న్యాయం కాదు. నిప్పు లేనిదే పొగ రాదన్న సామెత మన వృత్తిలో చెల్లదు. నిప్పుని చూపించాలి. 2017 అక్టోబరు 5న జోడీ కాంటర్, మెగన్ టూహీ న్యూయార్క్ టైమ్స్‌లో హాలీవుడ్ నిర్మాత హార్వే వైన్‌స్టీన్ లైంగిక వేధింపుల మీద రాసిన కథనం తట్టుకుని నిలబడిందంటే కారణం ఆ నిప్పే: ధైర్యంగా మాట్లాడిన స్త్రీలు, వాళ్లతో పాటు కంపెనీ లోపలి పత్రాలు, కనీసం ఎనిమిది మంది స్త్రీలతో డబ్బిచ్చి కుదుర్చుకున్న ఒప్పందాల ఆధారాలు.

ఇప్పుడు నా తప్పొకటి చెప్పాలి. నీ వయసులో ఉండగా ఒకావిడ కథ రాశాను. పేరు మార్చాను, ఫొటో వెయ్యలేదు. అన్ని జాగ్రత్తలూ తీసుకున్నానని గర్వపడ్డాను. కానీ ఆమె చేసే ఉద్యోగం, ఎన్నేళ్ల నుంచి చేస్తోందో, ఎంతమంది పిల్లలో రాశాను. ఆ మూడూ కలిపితే ఆమె పనిచేసే చోట అలాంటి మనిషి ఒక్కరే ఉన్నారు. మర్నాటి మధ్యాహ్నానికి అందరికీ తెలిసిపోయింది. ఆమె నాకు ఫోన్ చేసి తిట్టలేదు, ఏడవలేదు. "మీరు మంచిగానే రాశారమ్మా" అంది. ఆ మాట ఇప్పటికీ నన్ను వదల్లేదు. అప్పటి నుంచి, పేరు దాచాల్సిన కథనం ఏదైనా సరే, ఆమెకి తెలిసినవాళ్లు చదివితే పోల్చుకుంటారా అని ఆమెనే అడిగి, ఒక్కో వివరం ఆమెతోనే సరిచూసుకుంటాను. లైంగిక నేరాల్లో బాధితుల గుర్తింపు బయటపెట్టడం చాలా దేశాల్లో చట్టప్రకారం నేరం. ఆ చట్టాన్ని వకీలంత బాగా తెలుసుకో.

తిట్ల సంగతి. ఇంట్లోవాళ్ల భయం ఊరికే వచ్చింది కాదు. 2020లో యునెస్కో, అంతర్జాతీయ పాత్రికేయుల కేంద్రం కలిసి జరిపిన సర్వేలో పాల్గొన్న మహిళా పాత్రికేయుల్లో 73 శాతం ఆన్‌లైన్ హింస ఎదుర్కొన్నామన్నారు. అది బయట దాడి దాకా వచ్చిందన్నవాళ్లు 20 శాతం. గుండె రాయి చేసుకో అని నేను చెప్పను. రాయి చేసుకున్నవాళ్లకి ఈ బీట్‌లో ఎదుటి మనిషి గొంతు వణకడం వినిపించదు. ఫోన్ నంబరు, ఇంటి చిరునామా ఎక్కడెక్కడ బయట ఉన్నాయో ఇప్పుడే వెతికి తీయించు. బెదిరింపు వస్తే చెరిపెయ్యకుండా స్క్రీన్‌షాట్ తీసి తేదీతో దాచు. పెద్ద కథనం వచ్చిన రోజు నీ అకౌంట్లు నువ్వు చదవకు, సహోద్యోగి ఎవరైనా చదివి, పట్టించుకోవాల్సినవే నీకు చెప్పాలి. బెదిరింపులు వస్తే పోలీసు ఫిర్యాదు సంస్థ పేరుతో వెళ్లాలి, నీ ఒక్కదాని పేరుతో కాదు. ఇదంతా బీట్ ఒప్పుకునే ముందే ఎడిటర్‌తో మాట్లాడాలి. గొడవ మొదలయ్యాక అడిగితే ఎవరికీ తీరిక ఉండదు.

ఉద్యోగ భద్రత మాటకొస్తే నిజం కటువుగా ఉంటుంది. డబ్బు కరువైనప్పుడు యాజమాన్యాల చెయ్యి ముందుగా పడే వాటిలో ఈ డెస్కులుంటాయి. 1996లో అమెరికాలో మొదలైన స్త్రీవాద పత్రిక బిచ్ 2022లో మూతపడింది. 2007లో పుట్టిన స్త్రీల వెబ్‌సైట్ జెజెబెల్‌ని 2023 నవంబరులో మూసేశారు, ఆ నెలలోనే మరో సంస్థ కొనుక్కుంటే బతికింది. మరోవైపు, 2002లో ఉత్తరప్రదేశ్‌లోని చిత్రకూట్‌లో గ్రామీణ స్త్రీలు, ఎక్కువమంది దళిత స్త్రీలు, అక్కడి బుందేలీ భాషలో మొదలుపెట్టిన ఖబర్ లహరియా పత్రిక కాగితం నుంచి వీడియోకి మారి నిలబడింది. వాళ్లు మహిళా పేజీ పెట్టుకోలేదు. రోడ్లు, గనులు, పోలీసు స్టేషన్లు, ఎన్నికలు అన్నీ రాశారు, రాసేది స్త్రీలు. నీ భద్రత కూడా అక్కడే ఉంది. ఈ బీట్‌తో పాటు ఇంకొకటి లోతుగా నేర్చుకో: కోర్టు తీర్పులు చదవడమో, బడ్జెట్ పద్దులు చదవడమో, కార్మిక చట్టాలో, ఆరోగ్య లెక్కలో. మూడేళ్లు పోయాక "జెండర్ రాసే అమ్మాయి" అని కాకుండా "ఫిర్యాదుల కమిటీల సంగతి ఆ అమ్మాయికి తెలిసినంత ఎవరికీ తెలియదు" అని చెప్పుకోవాలి. అలాంటి మనిషికి డెస్క్ మూతపడినా పని దొరుకుతుంది.

ఎడిటర్ దగ్గర మూడు మాటలు అడుగు. నా స్టోరీ బలంగా ఉంటే ఫస్ట్ పేజీకి వెళ్లాలి, లోపలి పేజీకే అని ముందే రాసిపెట్టకూడదు. నెలకి ఒక కథనానికైనా పది రోజుల సమయం కావాలి. పరువునష్టం నోటీసు వస్తే లాయరు ఖర్చు సంస్థదే. మూడూ కాగితం మీద కాకపోయినా కనీసం మెయిల్‌లో ఉండాలి. మూడోదానికి కాదంటే మాత్రం ఆలోచించు.

ఇంతకీ ఆ ఫోన్. నీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే కదిలించింది అదే, నువ్వేమో చివర్లో రాశావు. రెండు వారాలంటే నీకు నిర్ణయం తేలని సమయం. ఆవిడకి అవి రోజూ ఫోన్ చూసుకున్న రెండు వారాలు. ఒక చోట జవాబు రాకే ఆవిడ నీ దగ్గరికి వచ్చింది. బీట్ ఏదైనా కానీ, ఈ రోజే చెయ్. ముందు, ఇప్పుడు మాట్లాడొచ్చా, పక్కన ఎవరైనా ఉన్నారా అని అడుగు. ఆలస్యానికి క్షమించమను, కారణాలు చెప్పకు. ఇది వార్త అవుతుందని మాటివ్వకు. ఆవిడ ఒప్పుకోనిదే ఒక్క ముక్క రాయనని మాత్రం మాటివ్వు, ఇచ్చాక తప్పకు. ఫిర్యాదు కాపీ ఉందా, ఇచ్చినట్టు ముద్ర వేసిన రసీదు ఉందా, ఇంకెవరికైనా చెప్పుకున్నారా అని అడుగు. ఉంటే ఆఫీసు కంప్యూటర్లో కాకుండా సొంతంగా ఎక్కడైనా దాచుకోమను. తర్వాత ఎప్పుడు ఫోన్ చేస్తావో రోజు, సమయం చెప్పి పెట్టేసెయ్. ఆ రోజు, ఆ సమయానికి చెయ్.